జోడుగెడ్డలో నలభై రెండు నిప్పులు

వంతల దొయిమతి దరఖాస్తును మా శాఖ తిరస్కరించిన కారణం చాలా సమంజసమైనది. ఆవిడ ఇంట్లో నిప్పు లేదు.

మాది నిప్పు మాన్పించే పథకం. నిప్పే లేని ఇంట్లో ఏం మాన్పిస్తాం? తాగనివాడి చేత తాగుడు మాన్పించామని ఎవరైనా చెప్పుకుంటే నవ్విపోరూ?

ఈ సంగతి ఆవిడకు వివరంగా చెప్పే బాధ్యత నా మీద పడింది. నా పేరు పొలమరశెట్టి గోవిందరాజు. ఉద్యోగం 'గృహతాప సహాయకుడు, ఒప్పంద ప్రాతిపదిక'. అనకాపల్లిలో మా అత్తగారు మాత్రం, అల్లుడు మన్యంలో జ్వరాలు చూసే ఉద్యోగం చేస్తున్నాడని వీధంతా చెప్పింది. నేనూ సరిదిద్దలేదు. అసలు సంగతి చెబితే ఆ మర్యాద కూడా ఉండదు.

పథకం పేరు 'కర్బనరహిత గృహ వెచ్చదనం'. కొండల్లో చలికాలం ఇళ్ళల్లో కట్టెలు కాల్చుకునేవాళ్ళు ఆ అలవాటు మానేసి, హీట్ పంపు అనే యంత్రం పెట్టించుకోవాలి. ఖరీదులో తొంభై శాతం ప్రభుత్వం భరిస్తుంది. మిగిలిన పది శాతం లబ్ధిదారు వాటా. ఆ పది శాతంతో జోడుగెడ్డలో ఒక ఇల్లు కట్టుకుని గుమ్మంలో ఆవును కూడా కట్టుకోవచ్చుగానీ, వెచ్చదనానికి వెల కట్టలేమని మా కరపత్రంలో ముందే రాశాం.

ఆ కరపత్రం మీద యంత్రం పక్కన బోసినోటితో నవ్వుతున్న పసిపాప బొమ్మ ఉంది. దొయిమతి సచివాలయం గోడ మీద ఆ బొమ్మను చూసే దరఖాస్తు పెట్టింది. ఆవిడ కోడలు చిలకమ్మకు ఎనిమిదో నెలలోనే కాన్పయి ఆడపిల్ల పుట్టింది. పిల్ల అరచేతిలో పట్టేంత ఉంది. నర్సమ్మ చూసి, "వెచ్చగా ఉంచండి, పుష్యమాసం గట్టెక్కిస్తే ఇక భయం లేదు" అని చెప్పి వెళ్ళింది. అప్పటికి కార్తీకం. పుష్యంలో ఆ ఊళ్ళో బిందెలో నీళ్ళ మీద మంచు పొర కడుతుంది.

"నిప్పు లేకపోవడమేటి బాబూ?" అంది దొయిమతి. "వీధిలో రోజూ మండతాంది కదా, అదేటి?"

అక్కడే ఉంది చిక్కంతా. జోడుగెడ్డలో నలభై రెండు ఇళ్ళు, ఒకటే నెగడు. పొద్దు వాలేసరికి ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఒక పుల్ల తెచ్చి వీధి మధ్య మంటలో వేసి చుట్టూ కూర్చుంటారు. పుల్ల తేనివాళ్ళకు చోటు లేదు. పెద్దమనిషికైనా సరే, పిల్లనివ్వడానికి వచ్చిన వియ్యంకుడికైనా సరే. మంట కాస్త తగ్గి నిప్పులు కణకణలాడుతున్నప్పుడు, ఆ ఏడాది బిడ్డ పుట్టిన ఇంటికి ముందు ఒక కుండెడు నిప్పులు పంపుతారు. ఆ తర్వాతే ఎవరైనా చేతులు చాచేది. దొయిమతి ఇంటికి అలాగే రోజూ నిప్పులు వెళుతున్నాయి. అయితే తెల్లవారుజామున అవి ఆరిపోతాయి. సరిగ్గా అప్పుడే చలి కొరుకుతుంది. ఆ రెండు మూడు గంటల కోసమే ఆవిడకు యంత్రం కావాలి.

ఆ కుండలో నిప్పులు ఇంట్లో పుట్టినవి కావు, బయటి నుంచి దిగుమతి అయినవి. ఆవిడ వంట పొయ్యి చూపించింది. అది వేరే శాఖది, దాని జోలికి మేము వెళ్ళకూడదు.

అయినా నేను మనిషినే. ఏదో ఒక దారి చూద్దామని ఊరంతా మళ్ళీ సర్వే చేశాను. తొమ్మిదో గడిలో 'తాపన వనరు యజమాని పేరు' రాయాలి. నెగడు చుట్టూ కూర్చున్నవాళ్ళను, "ఈ మంట ఎవరిది?" అని అడిగాను.

"పుల్లేసినోల్లది," అన్నాడొక ముసలాయన.

"అంటే ఎవరిది?"

"అందరూ ఏసినారు కదా."

నలభై రెండు పేర్లూ ఎక్కించాను. ఒక వనరుకు ఒకే యజమాని ఉండవలెనని టాబ్లెట్ ఎర్ర అక్షరాలతో నన్ను మందలించింది. సరేనని దొయిమతి పేరు ఒక్కటీ ఉంచి మిగతావి తీసేశాను. మిగిలిన నలభై ఒక్క ఇళ్ళనూ అది 'చలి లేని గృహాలు' అన్న జాబితాలోకి చేర్చి, నాకు ధన్యవాదాలు చెప్పింది.

మర్నాడు జిల్లా సమన్వయాధికారి దివాకర వర్మగారి వీడియో సమావేశంలో ఈ విషయం మనవి చేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏదైనా గొప్ప మాట చెప్పబోయే ముందు ఆయన అలా చేస్తారు.

"చూడండి గోవిందరాజు గారూ! సామూహిక మంట అనేది మార్గదర్శకాలలో నిర్వచించబడలేదు. నిర్వచించబడనిది క్షేత్రస్థాయిలో ఉనికిలో ఉండజాలదు."

"ఉంది సార్. రాత్రే దాని దగ్గర కూర్చుని చలి కాచుకున్నాను."

"అది మీ వ్యక్తిగత అనుభవం. మనం తగ్గించవలసినది గృహస్థాయి ఉద్గారం. తగ్గించాలంటే ముందు ఉండాలి. పునాది లేకుండా మేడ కడతామా?"

"మరేం చెయ్యమంటారు సార్?"

"లబ్ధిదారులను అర్హత స్థాయికి అభివృద్ధి చెయ్యండి."

ఎంత చక్కటి మాట! డైరీలో రాసుకున్నాను. వారం తిరిగేసరికి ఉత్తర్వులు వచ్చాయి. ప్రతి ఇంటా నలభై ఐదు రోజులపాటు విడిగా కట్టెల మంట పెట్టాలి. దీనికి 'పునాది దహనం' అని పేరు. ఉమ్మడి నెగడు ఆర్పివేయాలి, అది ఉంటే లెక్కలు తప్పుతాయి. ఒక్క ఇల్లు మానేసినా ఊరు మొత్తం అనర్హం.

నేను చెప్పింది దొయిమతి ఓపిగ్గా విన్నది.

"ఇప్పుడు మా ఇంట్లో మంట నేదు."

"లేదు."

"మంట మానిపించే యంత్రం రావాలంటే మంటెట్టాలి."

"అవునమ్మా."

"యంత్రమొచ్చినాక మంట మానీయాలి."

"అంతే."

"ఇప్పుడూ మానేసే ఉన్నాం గదేటి?"

"అందుకే కదమ్మా రావడం లేదు!"

ఆవిడ నా వంక జాలిగా చూసింది. తరువాత ఊయలలో ఉన్న మనవరాలిని చూసి లేచి వెళ్ళి ఊరివాళ్ళతో మాట్లాడింది. వాళ్ళలో ఒక్కరికీ యంత్రం అక్కరలేదు. పది శాతం వాటా కట్టే స్తోమత కూడా లేదు. అయినా ఆ పిల్ల కోసం నలభై రెండు ఇళ్ళవాళ్ళూ సరేనన్నారు. దొయిమతి వాటా కూడా కాఫీ పంట రాగానే తలా కాస్తా వేసుకుంటామన్నారు. ఆ సాయంత్రం జోడుగెడ్డ వీధిలో, ఊరివాళ్ళకు గుర్తున్నంతలో మొదటిసారి, నెగడు వెలగలేదు.

ఒక మంటకు నలభై రెండు పుల్లలు చాలేవి. నలభై రెండు మంటలకు ఎన్ని కావాలో వర్మగారు అంచనా వెయ్యలేదు. చలికాలమంతటికీ ఏరి పెట్టుకున్న కట్టెలు ఇరవై రోజుల్లో అయిపోయాయి. ఎండు పుల్లలు ఏరుకోవడమే తప్ప పచ్చిచెట్టు మీద చెయ్యి వెయ్యని ఊరది. అటవీశాఖ వాళ్ళు కూడా ఒప్పుకోలేదు. వర్మగారు ఊరుకునే మనిషా? పై వాళ్ళతో మాట్లాడి, 'కర్బన ఉద్గారాల తగ్గింపు నిమిత్తము చెట్లు నరుకుటకు ప్రత్యేక అనుమతి' సంపాదించారు. కింద సంతకం చేసి ఊరికి అందజేసింది నేనే. ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డునున్న చెట్లన్నీ దాంతో కొట్టారు.

ఇంతలో ఇళ్ళకు సీలు వేసే గుత్తేదారు దిగాడు. యంత్రం ఇచ్చే వేడి వృథా కాకూడదు కాబట్టి ఇంట్లో సందులన్నీ మూసెయ్యాలి. వాసాలకూ గోడలకూ మధ్య నుంచి గాలి పోయే జాగా ఉంటుంది. అతని మనుషులు అక్కడ ధర్మాకోల్ షీట్లు కూరి జిగురు పూశారు. నేను అడ్డుపడ్డాను.

"బాబూ, లోపల మంటలు పెట్టించాం. పొగ ఎటు పోతుంది?"

అతను కాగితం చూపించాడు. సీలు వెయ్యడం మూడో మెట్టు, యంత్రం అయిదో మెట్టు. "పొగ సంగతి నాలుగో మెట్టండీ. అది నా కాంట్రాక్టు కాదు," అన్నాడు.

నాలుగో మెట్టు పొగ ధ్రువీకరణ. పట్నం నుంచి ఒకాయన ఒక పెట్టె పట్టుకొచ్చి ఇంటింటా పొగ కొలిచాడు. మూడు ఇళ్ళ తర్వాత కళ్ళు కనబడక, మిగతా ఇళ్ళల్లో పెట్టెను నా చేత పట్టించాడు. అన్నిటికంటే గొప్ప అంకె దొయిమతి ఇంట్లో వచ్చింది. పిల్లకు చలి తగలకుండా ఆవిడ పగలూ రాత్రీ మంట ఆరనివ్వలేదు మరి.

వర్మగారు ఫోన్లో పొంగిపోయారు. "అద్భుతం! జిల్లాలోనే అత్యధిక గృహస్థాయి ఉద్గారం! ఆ అమ్మగారి అర్హత ఇక ఎవరూ ప్రశ్నించలేరు. నా తరఫున అభినందనలు తెలియజేయండి."

లేఖ రాసుకుని అభినందించడానికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఎవరూ లేరు. పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. అవి పొగకు వచ్చిన నీళ్ళో ఏడుపో తెలియలేదు.

"పాపకి ఊపిరాడ్డం నేదని తెల్లారే తీసుకెలిపోనారు. డొక్కలెగరేస్తంది. బైకు అంబులెన్సులో ఎల్లినారు, బతుకుతాదో నేదో."

అభినందనల లేఖ చొక్కా జేబులో ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి డైరీలోకి తోశాను. సిగ్గేసింది. సర్వే గడుల్లో సిగ్గు రాసుకోవడానికి చోటు లేదు.

వాళ్ళు ఆసుపత్రిలో ఉండగానే ప్రదర్శన యంత్రం వచ్చింది. పెద్ద చెక్కపెట్టెలో, లారీలో వచ్చింది. బడి గదిలో దింపించాను. ఊరికి వచ్చే కరెంటు దీన్ని తిప్పడానికి చాలదని మెకానిక్ చెప్పి వెళ్ళిపోయాడు. ఆరంభోత్సవం దాకా యంత్రానికి మంచు తగలకూడదని పై నుంచి ఆదేశం రావడంతో, శాఖ ఖర్చుతో రెండు ఉన్ని రగ్గులు తెప్పించి కప్పాను. ఆ వారం జోడుగెడ్డలో హాయిగా నిద్రపోయింది అదొక్కటే.

అయిదో రోజు మధ్యాహ్నం దొయిమతి, చిలకమ్మ పాపతో తిరిగొచ్చారు. పిల్ల బతికింది. దారిలో బడి కిటికీలోంచి రగ్గుల కింద ఉన్న యంత్రాన్ని చూసి దొయిమతి ఆగింది.

"ఇదేటి సేస్తాది బాబూ?"

"బయటి గాలిలోని వేడిని పీల్చి ఇంట్లోకి తెస్తుందమ్మా."

"బయట గాల్లో వేడుంటే మాకు చలెందుకేస్తాది?"

దానికి జవాబు మాన్యువల్ పద్నాలుగో పేజీలో ఉంది. నేను చదివాను కూడా. కానీ ఆవిడ మొహం చూసి మాన్యువల్‌ను సంచీలోకి తోసేశాను.

ఆవిడ ఇంటికి వెళ్ళి, నిచ్చెన వేసుకుని, వాసాల కింద ధర్మాకోల్ అంతా పీకి పారేసింది. పొద్దు వాలాక, తాను లేని అయిదు రోజులూ పక్కింటావిడ ఆరనివ్వకుండా చూసిన పునాది మంటలోంచి మండుతున్న కట్టెను తీసి వీధిలోకి తెచ్చి, పాత నెగడు చోట పెట్టింది. నేను పరిగెత్తాను.

"అమ్మా, ఇంకా పదకొండు రోజులే! ఇప్పుడు ఆర్పితే ఊరంతా అనర్హం అయిపోతుంది."

"డాక్టరమ్మ పొగొద్దంది. మీ యంత్రానికి పొగ కావాల. మాకు పాప కావాల," అంది దొయిమతి. "ఆ పదకొండు రోజులూ మీ ఇంట్లో ఎట్టుకో బాబూ."

ముసలాయన తన ఇంట్లోంచి ఒక కట్టె తెచ్చాడు. పక్కింటావిడ తెచ్చింది. అరగంటలో నలభై రెండు నిప్పులూ ఒకచోట చేరాయి. నన్ను తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు సాయంత్రమే ఆరంభోత్సవం. రాజధాని నుంచి మిషన్ డైరెక్టరు హేమనళిని గారు, కెమెరాలు, వెనక వర్మగారు. ఆవిడ రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని కారు దిగారు. యంత్రం మీట నొక్కారు. బడి గదిలో ఉన్న ఒక్క బల్బు కూడా ఆరిపోయింది.

"సరే, పునాది మంటలు చూపించండి," అన్నారావిడ, పళ్ళు కొట్టుకుంటుండగా. "నలభై రెండు అన్నారు. నాకు ఒకటే కనిపిస్తోంది?"

వర్మగారు నా వైపు చూసిన చూపుకు నా ఒప్పందం అక్కడికక్కడే ముగిసిపోవలసింది. కానీ ఆయన కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు.

"మేడమ్, ముప్పై నాలుగు రోజుల స్వల్ప వ్యవధిలో నలభై రెండు తాపన వనరులను ఒకటికి తగ్గించగలిగాం."

డైరెక్టరుగారు ఫోన్లో లెక్క వేశారు. "తొంభై ఏడున్నర శాతం పైనే! యంత్రం బిగించకుండానే?"

"ప్రవర్తనా పరివర్తన ద్వారా మేడమ్."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, చేతులు వెచ్చబడతాయని. ఆవిడ సంతోషంతో నెగడు దగ్గరికి వచ్చి కూర్చోబోయారు.

"పుల్లేదమ్మా?" అంది దొయిమతి.

వర్మగారి మొహం మాడిపోయింది. డైరెక్టరుగారు మాత్రం అదేదో గిరిజన స్వాగత సంప్రదాయం అనుకుని ముచ్చటపడ్డారు. వర్మగారు బడిలోకి పరిగెత్తి, యంత్రం వచ్చిన చెక్కపెట్టెలోంచి రెండు పలకలు విరిచి తెచ్చి, తనదొకటి, మేడమ్‌దొకటి మంటలో వేశారు. ఆ యంత్రం వల్ల జోడుగెడ్డకు అందిన వేడి మొత్తం అదే. నిప్పులు పడ్డాక మేడమ్ చేతులు చాచారు. ముసలాయన ఆవిడను సున్నితంగా పక్కకు జరగమని, కుండ నింపి, ముందు పాప ఇంటికి పంపించాడు. డైరెక్టరుగారు అంతసేపూ చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు.

ఆ ఏడాది మా జిల్లాకు ఉత్తమ కర్బన తగ్గింపు పురస్కారం వచ్చింది. వర్మగారికి పదోన్నతి వచ్చింది. యంత్రం మా శాఖ అతిథిగృహానికి వెళ్ళింది, రగ్గులతో సహా. 'జోడుగెడ్డ నమూనా'ను మరో మూడువందల కొండ గ్రామాల్లో అమలు చెయ్యాలని ఉత్తర్వులు వచ్చాయి. ఆ గ్రామాలన్నిటిలో ఇప్పటికే ఊరికొక నెగడు ఉంది. అందుచేత మొదటి మెట్టుగా దాన్ని ఆర్పించి, ఇంటింటా మంట పెట్టించాలి. ఆ తర్వాత పరివర్తన. ఆ మూడువందల ఊళ్ళ ఫారాలూ నాకే అప్పగించారు. అనుభవజ్ఞుణ్ణి కదా.

వాటితోపాటు దొయిమతి దరఖాస్తు మీద తుది నిర్ణయం కూడా వచ్చింది. అది చెప్పడానికి పుష్యమాసంలో ఒక సాయంత్రం జోడుగెడ్డ వెళ్ళాను. చలికి దవడలు బిగుసుకుపోతున్నాయి. నెగడు వెలుగుతోంది. పొగకు దూరంగా, గుమ్మంలో నిప్పుల కుండ పక్కన చిలకమ్మ ఒళ్ళో పిల్ల బుగ్గలు వచ్చి, కరపత్రం మీద బొమ్మకంటే అందంగా ఉంది. యంత్రం వస్తే ఆ రెండు మూడు గంటల చలి తీరుతుందని కదా ఆశ. ఇప్పుడు ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకుని తెల్లవారుజామున లేచి, నెగడు రాజేసి, ఆ ఇంటికి కొత్త నిప్పులు పంపుతున్నారు. ఇంతకాలం ఆ ఆలోచన రాలేదని దొయిమతే నవ్వింది.

"ఏటి రాసినారు బాబూ?"

"తిరస్కరించారమ్మా. ఇంట్లో నిప్పు లేదట."

నెగడు చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎవరి నవ్వులోనూ కోపం లేదు. "తప్పు నాదేనమ్మా," అన్నాను. నేను భుజం మీద సంచీ దించి కూర్చోబోయాను.

"పుల్లేదీ?" అంది దొయిమతి.

ఎన్నిసార్లు కూర్చున్నాను ఆ మంట దగ్గర! సర్కారు మనిషినని ఒక్కసారీ అడగలేదు వాళ్ళు. ఇప్పుడు అడిగారు. సంచీ విప్పి మూడువందల ఊళ్ళ ఫారాలూ చూపించాను.

"ఇవి వెయ్యనా అమ్మా? చాలా ఉన్నాయి."

దొయిమతి ఒక కట్ట చేతిలోకి తీసుకుని బరువు చూసి తిరిగి ఇచ్చేసింది.

"కాయితం భగ్గుమంటాది గానీ బాబూ, సెయ్యి కూడా కాగదు. ఎల్లి పుల్ల తే, కూకుందువు గాని."

వెళ్ళాను. ఒకప్పుడు గెడ్డ ఒడ్డునే చేతికందేవి ఎండు పుల్లలు. అక్కడి చెట్లన్నీ నా సంతకంతో పోయాయి. ఒక్క పుల్ల కోసం గెడ్డ దాటి, చలిలో చాలా దూరం నడవాల్సి వచ్చింది.